గాల్వెస్టన్‌లో నికొలాస్ క్లేటన్ కట్టడాలు: చూసినవాళ్లు, తెలిసినవాళ్లు రాయండి

ఇటుకగోడ (హ్యూస్టన్):

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి టెక్సస్ తీరంలో ద్వీపం మీదున్న గాల్వెస్టన్ అంటే బీచ్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పియర్‌లాండ్‌లో మీనాక్షి గుడి చూపించి, అట్నుంచటే కారు పోనిచ్చి సముద్రం చూపించి తీసుకొచ్చేస్తాం. ఊళ్లోకి మాత్రం వెళ్లం. స్ట్రాండ్ వీధి, బ్రాడ్‌వే చూడకుండా వెనక్కి రావడం ఎంత నష్టమో ఇక్కడ రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. అక్కడ ఆగి తలెత్తి చూడాలనిపించే భవనాల్లో చాలా వరకు ఒక్క ఆర్కిటెక్టు గీసినవే. పేరు నికొలాస్ జోసెఫ్ క్లేటన్.

1840లో ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో పుట్టాడు. తండ్రి పోయాక తల్లి పసివాణ్ణి వెంటబెట్టుకుని అమెరికా వచ్చి సిన్సినాటిలో స్థిరపడింది. అంతర్యుద్ధంలో కుర్రాడు ఉత్తరాది నౌకాదళంలో పనిచేశాడు. ప్లాస్టరింగ్, రాతి చెక్కడం చేత్తో చేసి నేర్చుకున్నాకే డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. 1872లో మెంఫిస్‌లోని ఒక ఆర్కిటెక్టుల సంస్థ తరఫున గాల్వెస్టన్ వచ్చాడు. ఒక ప్రెస్బిటేరియన్ చర్చి, ట్రీమాంట్ అనే హోటల్ దగ్గరుండి కట్టించడం ఆయనకి అప్పగించిన పని. అది అయ్యాక తిరిగి వెళ్లలేదు. 1916లో పోయేదాకా ఆ ద్వీపమే ఆయన ఊరు.

వచ్చిన వేళ మంచిది. 1870, 1880 జనాభా లెక్కల్లో టెక్సస్‌లో అతి పెద్ద ఊరు గాల్వెస్టనే, హ్యూస్టన్ దానికంటే చిన్నది. లోపలి ప్రాంతాల పత్తి ఈ రేవులోనే ఓడలెక్కేది. పత్తి వ్యాపారులు, బ్యాంకర్లు పోటీలు పడి ఆఫీసులు కట్టించుకుంటున్నారు. ఆర్కిటెక్చరే వృత్తిగా నేర్చుకున్నవాళ్లు టెక్సస్‌లో దాదాపు లేని రోజులవి.

నాకు ఆయన మీద ఇష్టం పుట్టింది పెద్ద మేడ చూసి కాదు. 22వ వీధిలో ట్రూహార్ట్-ఏడ్రియన్స్ బిల్డింగ్ అని ఒక చిన్న రియల్ ఎస్టేట్ ఆఫీసు ఉంది, 1882 నాటిది. ముఖభాగం సన్నం. ఒక వరస ఇటుకని ముందుకి జరిపాడు, ఇంకో వరసని లోపలికి నొక్కాడు, ఒక చోట పేర్చిన పద్ధతి పక్క చోట కనిపించదు. మధ్యమధ్య రంగు మార్చి చీర అంచులా పట్టీలు తీశాడు. ఎండ పక్క నుంచి పడినప్పుడు ఆ గోడ దగ్గర నిలబడండి, ఇటుకల నీడలతోనే డిజైన్ ఎలా చేశాడో తెలుస్తుంది. తాపీ పట్టినవాళ్ల పని దగ్గరగా తెలిసిన మనిషే అలా గీయగలడు. పాతబడిపోయిన ఆ బిల్డింగ్‌ని తర్వాత జూనియర్ లీగ్ అనే మహిళా సంఘం బాగుచేయించింది.

మీరు చూసినవి రాయండి. విభేదించినా పర్లేదు.

పాతబస్తీ_కెమెరా:

మంచి టాపిక్ ఎత్తారు ఇటుకగోడ గారూ. నేను ఫోటోలు తీసేవాణ్ణి, కాబట్టి కెమెరాకి తెలిసినంతే రాస్తా. గ్రెషమ్ ఇల్లు, అదే ఇప్పుడు అందరూ బిషప్స్ ప్యాలెస్ అంటున్నది, బ్రాడ్‌వే మీద 14వ వీధి మూలన ఉంది. వాల్టర్ గ్రెషమ్ లాయరు, రైల్వే కంపెనీ పెట్టినవాళ్లలో ఒకాయన, తర్వాత అమెరికన్ కాంగ్రెస్‌కీ ఎన్నికయ్యాడు. 1887లో మొదలైన ఇల్లు పూర్తయ్యేసరికి 1890లు వచ్చేశాయి. ఖర్చు అప్పట్లోనే రెండున్నర లక్షల డాలర్లని చెబుతారు. 1923లో కేథలిక్ డయోసిస్ కొని బిషప్‌కి నివాసంగా ఇచ్చింది, పేరు అలా వచ్చింది. ఇప్పుడు గాల్వెస్టన్ హిస్టారికల్ ఫౌండేషన్‌ది, టికెట్టు కొని చూడొచ్చు.

బయట గ్రానైట్, సున్నపురాయి, ఇసుకరాయి మూడూ కలిసి కనిపిస్తాయి. టవర్లు ఒకదానికొకటి జత కావు, పొగగొట్టాలు జత కావు. ఎక్కడ నిలబడ్డా ఒక వైపు ఫ్రేములోంచి బయటికి పోతుంది, ఎందుకంటే స్థలం చిన్నది, ఇల్లు భారీది. లోపలికెళితే నడిమధ్యన ఎనిమిది పలకల మెట్ల గది. మహాగని కలప, 40 అడుగుల ఎత్తు, రంగుటద్దాల్లోంచి దిగే వెలుగు. పొద్దున కాసేపు ఆ వెలుగు చెక్క మీద పాకుతూ మెట్టు మెట్టూ దిగుతుంది. అక్కడ ట్రైపాడ్ అక్కర్లేదు, ఓపిక చాలు.

1900 తుఫానులో ఈ ఇల్లు నిలిచిందని, వందల మంది ఇందులోనే తలదాచుకున్నారని గైడు చెప్పారు. క్లేటన్ ఎంత గట్టిగా కట్టాడో చూడండి!

పైల్_ఫౌండేషన్:

స్ట్రక్చరల్ ఇంజనీరుని, పనిచేసేది గల్ఫ్ తీరంలోనే. ఆ ఆఖరి మాట దగ్గర నాకో అభ్యంతరం ఉంది కెమెరా గారూ.

1900 సెప్టెంబర్ 8న వచ్చిన ఉప్పెన ఎత్తు 15 అడుగులు దాటింది. ద్వీపంలో అన్నిటికంటే ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 9 అడుగులు కూడా లేదు. ఆ ఎత్తైన గట్టు ఏది? బ్రాడ్‌వే. డబ్బున్నవాళ్లంతా ఇళ్లు కట్టుకున్నది అక్కడే. బీచ్ పక్కన ఉన్నవి చెక్క ఇళ్లు. అవి ముందు కూలాయి, అలలు ఆ శిథిలాలను నెట్టుకుంటూ ఊళ్లోకి తెచ్చి ఒక పెద్ద కుప్పగా పోశాయి. ఆ కుప్పే అడ్డుకట్టలా పనిచేసి వెనక ఉన్న వీధులను అలల దెబ్బ నుంచి కాచింది. 3,600కు పైగా ఇళ్లు పోయాయి, ఆరు వేల నుంచి ఎనిమిది వేల మంది చనిపోయారు. పేదవాళ్ల ఇళ్లు కూలి పెద్దవాళ్ల ఇళ్లకి గోడ కట్టాయి. ఆ లెక్క చెప్పకుండా ఘనతంతా ఆర్కిటెక్టుకి ఇస్తే అన్యాయం.

గ్రెషమ్ ఇంట్లో ఇంజనీరింగ్ లేదని కాదు. బరువైన రాతి గోడలు, లోపల ఉక్కు, ఎత్తైన బేస్‌మెంట్ మీద మొదటి అంతస్తు. నీళ్లొచ్చినా మనుషులుండే చోటికి అంత తేలిగ్గా రావు. కానీ స్థలం, డబ్బు, డిజైన్ మూడూ కలిస్తే నిలిచింది.

ఇటుకగోడ (హ్యూస్టన్):

పైల్ గారి మాటకి ఆధారం ఆ కూడలిలోనే ఉంది. గ్రెషమ్ ఇంటి నుంచి 14వ వీధి దాటితే సేక్రెడ్ హార్ట్ చర్చి. ఇప్పుడున్న తెల్ల చర్చి తర్వాత కట్టింది. దానికి ముందు అక్కడున్న పెద్ద చర్చి కూడా క్లేటన్‌దే, 1892లో పూర్తయింది. అదే తుఫాను, అదే గట్టు, అదే ఆర్కిటెక్టు. ఇల్లు నిలిచింది, చర్చి కుప్పకూలింది.

ఊళ్లోనే సెయింట్ పాట్రిక్స్ చర్చికి ఆయన కట్టిన టవరు 200 అడుగులు దాటింది. అదీ ఆ రాత్రే చర్చి మీదకి పడింది. సెయింట్ మేరీస్ కేథీడ్రల్ మాత్రం నిలబడింది. దానికి 1870ల్లో ఆయన చేర్చిన టవరు మీద సముద్ర నక్షత్రమని పిలిచే మేరీమాత విగ్రహం ఉంది, ఆ గాలికి కూడా అది కదల్లేదు. ఆ విగ్రహం ఉన్నన్నాళ్లూ ఊరు మునగదని అక్కడివాళ్ల నమ్మకం.

పైల్ గారూ, ఒకటి నిలిచి ఇంకొకటి పడటానికి ఇంజనీరుగా మీకేం తోస్తుంది?

పైల్_ఫౌండేషన్:

ఆ చర్చి డ్రాయింగులు ముందు పెట్టుకుని లెక్క కట్టలేదు కాబట్టి సాధారణ సూత్రం చెబుతా. ఇంటికి లోపల అడ్డగోడలు ఎక్కువ. ప్రతి గదీ పక్క గదిని పట్టుకుని ఉంటుంది. చర్చికి కావాల్సింది పెద్ద ఖాళీ హాలు. పొడవైన ఎత్తు గోడలు, మధ్యలో ఆసరా తక్కువ, పైన వెడల్పాటి కప్పు. గాలి కప్పు కింద దూరి పైకి లేపితే గోడల తలల్ని పట్టుకునేది ఏదీ ఉండదు. ఇటుక, రాయి బరువు మొయ్యడంలో ఘనం, పక్క నుంచి తోస్తే బలహీనం. గాలి ఒత్తిడికి ఇప్పుడు మేం వేసే లెక్కలు ఆ రోజుల్లో లేవు. క్లేటన్ తప్పు అనను. ఆ కాలంలో ఎవరు కట్టినా ఆ హాలుకి ఆ ప్రమాదం ఉండేది.

స్ట్రాండ్ మీద మూడీ బిల్డింగ్‌ని గమనించారా? 1883లో ఆయనే కట్టాడు. పై అంతస్తు 1900లో గాలికి పోయింది. మళ్లీ కట్టలేదు. మిగతా అంతస్తులు అంత హుందాగా ఉండి, పైన చటుక్కున కోసేసినట్టు ఆగిపోవడం అందుకే.

స్టెతస్కోప్ (గాల్వెస్టన్):

గాల్వెస్టన్ మెడికల్ బ్రాంచిలో రీసెర్చికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. క్యాంపస్‌లో అందరూ ఓల్డ్ రెడ్ అనే భవనం క్లేటన్‌దేనని చాలామంది తెలుగు స్టూడెంట్లకి కూడా తెలియదు, దాని పక్క నుంచి రోజూ నడుస్తూనే ఉంటారు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ వైద్య విభాగం 1891లో మొదలైంది దీంట్లోనే. ఎర్ర ఇటుక, టెక్సస్ గ్రానైట్, ఇసుకరాయి. గుండ్రటి కమానులు, వాటి కింద లోతైన కిటికీలు. గ్రెషమ్ ఇంటికి పూర్తి వ్యతిరేకం. అక్కడ ప్రతి మూలా ఏదో చెబుతుంది, ఇక్కడ కమానుల వరసే మాట్లాడుతుంది. నా ఓటు దీనికే. డబ్బు లెక్క చూసుకుని కట్టిన కాలేజీ భవనం ఇంత గంభీరంగా ఉండటం అన్నిటికంటే గొప్ప పని అని నా అభిప్రాయం.

1900లో దీని పైకప్పు బాగా దెబ్బతింది. కాలేజీ మూసేస్తారా అని అందరూ టెన్షన్ పడుతుంటే యూనివర్సిటీ అధ్యక్షుడు ప్రాథర్ ఆస్టిన్ నుంచి టెలిగ్రామ్ పంపాడు: యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఏ తుఫానుకీ ఆగదని. ఆ ఏడాది క్లాసులు నడిచాయి. 1960ల్లో కూల్చేద్దామన్న మాట వచ్చింది, పూర్వ విద్యార్థులు గట్టిగా అడ్డుపడ్డారు, 1980ల్లో బాగుచేశారు. 2008లో ఐక్ తుఫానుకి కింది అంతస్తులోకి నీళ్లొచ్చాయి. భవనం మాత్రం అలాగే ఉంది.

దక్కనిది ఉర్సులైన్ అకాడమీ. 1890ల్లో ఆయన కట్టిన బాలికల బడి. పాత ఫోటోల్లో చూస్తే రెండు రంగుల కమానులు, కోసుగా లేచిన కప్పులు, వరండాలు. 1900 తుఫాను రాత్రి ఆ కాన్వెంటులో దాదాపు వెయ్యి మంది తలదాచుకున్నారు, ఆ రాత్రే అక్కడ పిల్లలు కూడా పుట్టారు. అంతటిదాన్ని తట్టుకున్న భవనం 1961లో కార్లా తుఫానుకి దెబ్బతింటే, బాగుచేయకుండా మరుసటేడు కూల్చేశారు. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

సూటిగా:

అందరూ భవనాలనే పొగుడుతున్నారు. ఆ డబ్బు ఎక్కడిది అని ఒక్కరూ అడగలేదు. పత్తి. టెక్సస్‌లో బానిసలకి స్వేచ్ఛ వచ్చిందని ఉత్తరాది సైన్యం ప్రకటించింది ఈ గాల్వెస్టన్‌లోనే, 1865 జూన్ 19న. క్లేటన్ వచ్చింది దానికి ఏడేళ్ల తర్వాత. స్వేచ్ఛ వచ్చినా పొలంలో పత్తి ఏరే చేతులు చాలా వరకు అవే. స్ట్రాండ్ మీద అలంకారాలన్నీ ఆ చేతుల కష్టమే. ఆర్కిటెక్టు పేరు దొరుకుతుంది, గ్రెషమ్ పేరు దొరుకుతుంది. ఆ రాయి చెక్కినవాళ్ల పేర్లు ఎవరైనా చెప్పగలరా?

ఇటుకగోడ (హ్యూస్టన్):

అడగాల్సిన ప్రశ్నే సూటిగా గారూ. శంకుస్థాపన రాళ్ల మీద ఆర్కిటెక్టు, కమిటీ పెద్దల పేర్లుంటాయి, మేస్త్రీల పేర్లు ఉండవు. నేను క్లేటన్‌ని అభిమానించేది కూడా ఆ వైపు నుంచే. ఆయన ఆ పని చేసి వచ్చినవాడు. వలస వచ్చిన ఇంటి పిల్లవాడు, చేతికి సున్నం అంటినవాడు. ఆయన గోడల్లో చేతిపనికి అంత చోటు ఉండటానికి అదే కారణమని నా నమ్మకం. అలాగని పత్తి డబ్బు సంగతి చెరిగిపోదు. రెండూ కలిపే చదవాలి.

డాలస్_పద్మ:

గాల్వెస్టన్ దాకా వెళ్లలేని మా డాలస్‌వాళ్ల కోసం రాస్తున్నా. డౌన్‌టౌన్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో గ్వాడలూపే కేథీడ్రల్ ఉంది చూశారా, ఎర్ర ఇటుకల చర్చి, చుట్టూ అద్దాల టవర్లు? అది క్లేటన్ డిజైనే. 1898లో శంకుస్థాపన, 1902లో ప్రారంభం. అప్పుడు దాని పేరు సేక్రెడ్ హార్ట్. ఆయన గీసిన గంటల టవరు, శిఖరాలు అప్పట్లో కట్టలేదు. మొండిగానే ఉండిపోయింది. వందేళ్లు దాటాక, 2005లో, ఆయన డిజైన్ ప్రకారమే పూర్తిచేశారు. 224 అడుగుల టవరు, లోపల 49 గంటలు.

మా ఆఫీసు ఆ దగ్గర్లోనే. లంచ్ టైంలో గంటలు మోగితే కొత్తగా చేరినవాళ్లు ఎక్కణ్నుంచని అడుగుతుంటారు. కొత్త ఇటుక ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని నేను రోడ్డుకి అవతల నిలబడి చాలాసేపు చూశాను. రంగు దాదాపు కలిసిపోయింది.

ఆస్టిన్‌లో కూడా రెండున్నాయి. డౌన్‌టౌన్‌లో సెయింట్ మేరీస్ కేథీడ్రల్ ఒకటి, సెయింట్ ఎడ్వర్డ్స్ యూనివర్సిటీ మెయిన్ బిల్డింగ్ ఇంకొకటి. ఆ రెండోది కొండ మీద తెల్లరాతి గోతిక్ కట్టడం, ఊళ్లోంచి దూరానికే కనిపిస్తుంది. 1903లో తగలబడితే అదే ఏడాది ఆయనే మళ్లీ కట్టించాడు.

కొత్తమెంబర్:

నమస్తే అందరికీ. ఇన్ని కట్టినాయన పేరు నేను ఇప్పుడే వింటున్నాను. చివరికి బాగా సంపాదించుకున్నాడా? కుటుంబం ఏమైంది?

ఇటుకగోడ (హ్యూస్టన్):

లేదండీ. ఇది చెప్పేటప్పుడు బాధేస్తుంది.

1890ల చివర్లో గాల్వెస్టన్ కౌంటీ కోర్టుహౌస్ కాంట్రాక్టు మీద వివాదం వచ్చింది. దానికి హామీగా పెట్టిన బాండు కోర్టు కేసుల్లో మెడకి చుట్టుకుంది. అది నడుస్తుండగానే 1900 తుఫాను. ఊరికి ఊరే దెబ్బతింది, కట్టించుకునే కొత్త ఆసాములు లేరు, ఓడల వ్యాపారం నెమ్మదిగా హ్యూస్టన్ వైపు మళ్లింది. 1903లో దివాలా తీశాడు. పద్మ గారు చెప్పిన సెయింట్ ఎడ్వర్డ్స్ రెండోసారి కట్టించింది ఆ ఏడాదే అని గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మరమ్మతులు, చిన్నాచితకా పనులు, ఎప్పుడో ఒక పెద్ద పని. 1891లో పెళ్లయింది, పిల్లలు ఐదుగురు. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది.

1916 చివర్లో సొంతింటి పొగగొట్టంలో పగులు చూసుకుంటున్నాడు. చేతిలో కొవ్వొత్తి. దాని మంట లోపల వేసుకున్న చొక్కాకి అంటుకుంది. ఆ కాలిన గాయాలతోనే డిసెంబర్‌లో చనిపోయాడు. వయసు 76. సమాధి మీద రాయి పెట్టించే స్తోమత లేదని భార్య మేరీ బాధపడితే, ఊరి యూదుల గుడి పెద్ద రబ్బై హెన్రీ కోహెన్ ఓదార్చాడట, ఆయనకి వేరే రాయి ఎందుకమ్మా, ఊరంతా ఆయన రాళ్లే, వెళ్లి శంకుస్థాపన ఫలకాలు చదువుకో అని. కేథలిక్ ఇంటికి రబ్బై వచ్చి ఆ మాట చెప్పడం ఆ ఊరి తీరు.

ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్ట్రాండ్ మీద భవనాలు గోదాములైపోయాయి. 1960ల్లో, 70ల్లో గాల్వెస్టన్ హిస్టారికల్ ఫౌండేషన్, ఆ ఊళ్లోనే పుట్టిన ఆయిల్ వ్యాపారి జార్జ్ మిచెల్ లాంటివాళ్లు పూనుకోబట్టి ఇవాళ మనం చూడగలుగుతున్నాం.

పైల్_ఫౌండేషన్:

ఊరిని ఎత్తు లేపిన సంగతి కూడా రాయకపోతే ఈ థ్రెడ్ వెలితిగా ఉంటుంది. తుఫాను తర్వాత 17 అడుగుల సీవాల్ (సముద్రానికి అడ్డుగోడ) కట్టారు, 1904లో మొదటి భాగం పూర్తయింది. తర్వాత ఊరి నేలనే ఎత్తు చేశారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీల మీద లేపి, సముద్రం అడుగు నుంచి తోడిన ఇసుక నీటిని గొట్టాల్లో పంపి కింద నింపారు. నీళ్లు ఇంకిపోయి ఇసుక మిగిలేది. అది గట్టిపడేదాకా జనం చెక్క బల్లల వంతెనల మీద నడిచేవాళ్లు.

టవరు కూలిందని ఇటుకగోడ గారు రాసిన సెయింట్ పాట్రిక్స్ చర్చి బరువు 3,000 టన్నులు. మళ్లీ కట్టుకున్నాక దాన్ని 700 జాకీలతో, అందరూ ఒకేసారి తిప్పుతూ, ఐదడుగులు లేపారు. ఇటుక గోడ ఒక మూల పావంగుళం ముందు లేచినా పగులుతుంది. నా వృత్తిలో ఉన్నవాడికి ఆ పని తలుచుకుంటేనే చెమటలు పడతాయి. స్ట్రాండ్ వైపు ఎత్తు పెద్దగా పెంచలేదు, అందుకే ఐక్‌కి అక్కడ కింది అంతస్తులన్నీ మునిగాయి.

కొత్తమెంబర్:

ఈ శనివారం వెళ్దామనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. ఏ వరసలో చూస్తే బాగుంటుంది?

ఇటుకగోడ (హ్యూస్టన్):

పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నమైతే ఎండ, ఉక్క రెండూ ఎక్కువ. మొదట స్ట్రాండ్. నేల చదునుగానే ఉంటుంది, అమ్మగారు నెమ్మదిగా నడవొచ్చు. 1890ల్లో ఆయనే కట్టిన హచింగ్స్-సీలీ బిల్డింగ్, పై అంతస్తు పోయిన మూడీ బిల్డింగ్ అక్కడే. పక్కనే 22వ వీధిలోకి తిరిగి ఇటుకల ఆఫీసు చూడండి. తర్వాత కేథీడ్రల్, విగ్రహం బయట నుంచే కనిపిస్తుంది. ఓల్డ్ రెడ్ కారులోంచి చూసినా బాగానే ఉంటుంది. బిషప్స్ ప్యాలెస్ ఆఖరున పెట్టుకోండి. లోపల మెట్లు తప్పవు, కాబట్టి ముందే వాళ్లకి ఫోన్ చేసి అడగండి. అమ్మగారు లోపలికి రాలేకపోతే బయట నీడలో కూర్చోబెట్టి ఆ పొగగొట్టాల్లో జతైనవి ఉన్నాయేమో చూడమనండి.

కొత్తమెంబర్:

థాంక్స్ అండీ. ఓల్డ్ రెడ్ అంటే మా తమ్ముడికి మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ ఉన్న క్యాంపసే కదా? వాడినీ తీసుకెళ్తాం. ఫోటోలు ఆదివారం ఇక్కడే పెడతాను.

స్టెతస్కోప్ (గాల్వెస్టన్):

అదే క్యాంపస్. శనివారం నేను ఊళ్లోనే ఉంటాను, ఇక్కడ మెసేజ్ పెట్టండి. తమ్ముడికి ఇంటర్వ్యూ సంగతులు కూడా చెబుతాను.